సెలా అంటే సెలవు కాదు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బైబిలులోని కీర్తనల గ్రంథం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. భోజనాలు పన్నెండున్నరకని కూడా ఆయనే చెవిలో చెప్పారు. కాబట్టి ఎవరూ భయపడనక్కరలేదు. ఆ గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. అన్నింటికన్నా పెద్దది 119వది, 176 వచనాలు. అన్నింటికన్నా చిన్నది 117వది, రెండే వచనాలు. కుటుంబ ప్రార్థన వేళ పిల్లలు ఈ రెండింటిలో ఏది కోరుకుంటారో వేరే చెప్పాలా? ఇంటికి వచ్చిన పాస్టరు గారు 119 తెరిచారంటే వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త హెచ్చుతుంది. ఉప్మా చల్లారిపోతోందని దాని భావం.

ఈ సభలో గుడికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు అందరూ ఉన్నారు. నేను ఎవరికీ మతబోధ చేయడానికి నిలబడలేదు. ఈ కీర్తనలలో 73 దావీదు పేరు మీద ఉన్నాయి, 90వది మోషే పేరు మీద ఉంది. ఎవరి పేరు మీద ఉన్నా లోపల ఉన్నది మనిషి గొంతు. అందులో స్తోత్రం ఎంత ఉందో ఫిర్యాదూ అంత ఉంది. 13వ కీర్తన ఎత్తుకోవడమే "ఎంతకాలం" అన్న ప్రశ్నతో. అదే ప్రశ్న నాలుగుసార్లు వరుసగా అడుగుతాడు. కరువు భత్యం బకాయిల కోసం వినతిపత్రాలు పెట్టిన మనకి ఆ భాష కొత్త కాదు. తేడా ఒక్కటే. మన వినతిపత్రం ఏ బల్ల మీద ఆగిందో మనకి తెలియదు. తన వినతి నేరుగా వినవలసినవాడి చెవిన పడిందని కీర్తనకారుడు నమ్మాడు. అందుకే ఆరు వచనాలు తిరగకుండానే అతని గొంతు పాటలోకి మారిపోతుంది.

అన్ని కీర్తనలూ అలా మారవు. 88వది చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు లేకుండానే. ఇలాంటిది గ్రంథంలో ఎందుకు ఉంచారా అని కొందరు అడుగుతారు. నేనెరిగిన ఒక పెద్దాయన భార్య పోయాక తలుపు తీయడం మానేశారు. వచ్చిన ప్రతివారూ "ధైర్యంగా ఉండండి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లేవారు. ధైర్యం చెప్పేవాళ్లకి కాఫీ కలిపే మనిషి ఇంట్లో లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఒకనాడు పాత మిత్రుడొకరు వెళ్లి, ఏమీ చెప్పకుండా 88వ కీర్తన చదివి పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి ఆయన, "ఇది రాసినవాడెవడో మా ఇంట్లో ఉండి చూసినట్టు రాశాడండీ" అన్నారు. ఆ సాయంత్రం ఆయన తలుపు తీసి వీధి అరుగు మీద కూర్చున్నారు. దుఃఖం తీరలేదు, కాని ఒంటరితనానికి గండి పడింది. ఏడుపు కూడా ప్రార్థనేనని ఒప్పుకున్న గ్రంథం ఇది. మన ఈడు వారికి ఇంతకన్నా ఏం కావాలి?

56వ కీర్తన మన తెలుగు అనువాదంలో ఒక చక్కని మాట ఉంది, కవిలె అని. కవిలె అంటే లెక్కల పుస్తకం. పూర్వం కరణాల దగ్గర ఉండేది. మనిషి కన్నీళ్లు దేవుని కవిలెకి ఎక్కుతాయని అక్కడి భావం. మన సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, వాడుకున్న సెలవులు, వాడుకోని సెలవులు అన్నీ ఉంటాయి. పిల్లవాడికి జ్వరంగా ఉన్నా రాత్రి డ్యూటీకి వెళ్లిన సంగతి ఏ గుమాస్తా ఎక్కించాడు? అటువంటివి ఎక్కే రిజిస్టరు ఒకటి ఉందని, దానికి ఆడిట్ అభ్యంతరాలు లేవని కీర్తనకారుడు మనకి చెబుతున్నాడు.

ఈ గ్రంథంలో 71 చోట్ల "సెలా" అన్న మాట వస్తుంది. దాని అర్థం పండితులకే పూర్తిగా తేలలేదు. పాట కాసేపు ఆపి ఆలోచించమనే సంగీత సూచన అని చాలామంది అభిప్రాయం. చిన్నపిల్లలు దాన్ని సెలవు అని చదువుతారు. పదవీ విరమణ నాడు మనమూ అలాగే చదువుకున్నాం. పూలదండ వేశారు, శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. టైముకి వెళ్లవలసిన పని తీరిపోయాక గడియారం ఎందుకో ఇప్పటికీ బోధపడదు. ఆ మర్నాటి నుంచి అంతా సెలవే అనుకున్నాం. కాని సెలా తర్వాత పాట మళ్లీ సాగుతుంది. చాలాచోట్ల అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

71వ కీర్తన పెద్ద వయసు వారి కీర్తన. తల నెరిసినప్పుడు నన్ను విడిచిపెట్టవద్దని అందులో ఒక ముసలాయన వేడుకుంటాడు. ఎందుకు విడిచిపెట్టకూడదో కారణం కూడా చూపిస్తాడు. తాను చూసినదంతా రాబోయే తరానికి చెప్పాలట. అంటే మనవలకి కథ చెప్పడం కాలక్షేపం కాదు, అప్పగించిన డ్యూటీ. అమెరికాలో ఉన్న మనవడు వీడియోలో రెండు నిమిషాలే కూర్చుంటాడని మనలో చాలామంది బాధ. రెండు నిమిషాలు చాలు. 117వ కీర్తనకి పట్టేది అంతకన్నా తక్కువే.

90వ కీర్తనలో ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై అంటాడు. ఆ పైన ఆయాసమూ దుఃఖమేనంటాడు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకి ఎనభై నిండితే 20 శాతం అదనంగా వస్తుంది. మోషే గారి రోజుల్లో ఆ ఏర్పాటు ఉన్నట్టు లేదు. అయితే ఆయన ఇంకొకటి అడిగాడు, రోజులు లెక్కించడం నేర్పమని. ఒకటో తారీఖు ఎన్ని రోజులుందో లెక్కించడంలో మనం ఆరితేరినవాళ్లం. ఆయన అడిగినది మిగిలిన రోజుల్లో ఏది విలువైనదో తెలుసుకునే లెక్క. ఇక 118వ కీర్తనలో ఒకాయన తాను చావలేదని, బతికే ఉన్నానని, చెప్పవలసినవి ఇంకా ఉన్నాయని చాటుతాడు. నవంబరులో బ్యాంకు కౌంటరు దగ్గర మనం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అదే. కాకపోతే మనం మొదటి సగమే రాసి సంతకం పెడుతున్నాం. బతికి ఏం చేస్తున్నామన్న రెండో సగం ఖాళీగా వదిలేస్తున్నాం.

మన ఊరి ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. ఆ తెలుగు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో. అచ్చు కాగితాన్ని ఇద్దరూ చూడలేదు. 90వ కీర్తన ముగింపులో తమ చేతుల పనిని స్థిరపరచమని ప్రార్థన ఉంది. వారి విషయంలో అది అలా నెరవేరింది. మనలో కొందరు వేసిన పునాదుల మీద ఇవాళ ఎవరి పేరు ఉందోనన్న దిగులు మనకెందుకు?

107వ కీర్తనలో ఓడల మీద వెళ్లేవారి కథ ఉంది. తుపానులో తాగినవాళ్లలా తూలిపోతారు, తెలిసిన విద్య ఏదీ అక్కరకు రాదు, మొరపెడతారు, అలలు అణుగుతాయి, కోరుకున్న రేవుకు చేరతారు. 1933లో మన రేవు తెరిచినప్పటి నుంచి డాల్ఫిన్స్ నోస్ పక్కగా వచ్చే ప్రతి ఓడా ఆ కీర్తనను నడిపి చూపిస్తున్నట్టే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఒడ్డున ఉన్న మనకి కూడా అది అర్థమైంది. ఒక సంగతి గమనించండి. రేవుకి చేరిన ఓడని ఎవరూ విరగ్గొట్టరు. అక్కడే సరుకు దించుతారు. మనం మోసుకొచ్చిన అనుభవమనే సరుకు దించవలసిన చోటు ఇదే.

కొండల వైపు కన్నులెత్తే 121వ కీర్తన మీలో కొందరు వినే ఉంటారు. దాని మీద యాత్రకీర్తన అని శీర్షిక ఉంటుంది. మన రాస్ హిల్ మీదికి, సింహాచలం మెట్ల మీదికి ఇప్పుడు కన్నులే ఎత్తగలం, మోకాళ్లు ఎత్తలేం. ఫరవాలేదు. సహాయం కొండ నుంచి కాదు, కొండని చేసినవాడి నుంచి అని ఆ కీర్తన చెబుతుంది. ఆయన మెట్లు దిగి వస్తాడు.

చివరిగా 133వ కీర్తన. సహోదరులు కలిసి ఉండడం ఎంత బాగుంటుందో అందులో మూడు వచనాల్లో చెప్పారు. ఆ ఐక్యత తల మీద పోసిన నూనె గడ్డం మీదుగా అంగీ అంచుదాకా కారినట్టు ఉంటుందట. మన సర్వసభ్య సమావేశాలు చూసినవారికి నూనె పోసేది ఐక్యతకా, నిప్పుకా అన్న అనుమానం రావచ్చు. అయినా ఏటా వస్తున్నాం, పక్కపక్కనే కూర్చుంటున్నాం, కిందటేడు ఉండి ఈ ఏడు లేనివారి కోసం లేచి నిలబడుతున్నాం. అంతకన్నా ఐక్యత ఏముంటుంది?

మీ అందరికీ ఒక మనవి. ఈ వారంలో తలుపు తీయని ఇల్లు ఒకటి మీ వీధిలో ఉంటే వెళ్లి తట్టండి. సలహాలు పట్టుకెళ్లకండి. వీలైతే ఫ్లాస్కులో కాఫీ మీరే పట్టుకెళ్లండి.

పన్నెండు ఇరవై అయింది. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఆ పదవీ విరమణ గడియారం ఇందుకు ఉపయోగపడిందన్నమాట.  భగవంతుడు మీకందరికీ ఆరోగ్యం, మనశ్శాంతి ప్రసాదించు గాక. సెలా.