నోత్ర్ దామ్ ఆర్గన్ మళ్ళీ పలికిన వేళ
(ప్రసంగ పాఠం)



2019 ఏప్రిల్ 15వ తేదీ సాయంత్రం పారిస్ నగరంలోని నోత్ర్ దామ్ కేథడ్రల్ పైకప్పు అంటుకున్నది. వందల ఏళ్ళ నాటి ఓక్ దూలాలు బూడిద అయ్యాయి. శిఖరం నిలువునా కూలింది. లోకమంతా ఆ శిఖరాన్ని చూసి కంటతడి పెట్టిన రాత్రి, సంగీతం ఎరిగినవారి మనసు మాత్రం పడమటి వైపున, రెండు గోపురాల నడుమ ఉన్న పెద్ద ఆర్గన్ చుట్టూ తిరిగింది. మంట దానిని తాకలేదు. బలిపీఠం దగ్గరి చిన్న ఆర్గన్ అగ్నిమాపకుల నీటికి తడిసి పాడైనా, పెద్దదాని దాకా నీరు అంతగా చేరలేదు. అయినా అది ఐదేళ్ళకు పైగా మూగబోయింది.

కాలని వాద్యం ఎందుకు మూగబోయింది? కారణం సీసం. కేథడ్రల్ కప్పుకు పరచిన వందల టన్నుల సీసపు రేకులు వేడికి కరిగాయి. ఆ విషపు ధూళి వాద్యమంతటా పేరుకున్నది. గొట్టాలలోనూ, గాలిపెట్టెలలోనూ, వేలు దూరని సందులలోనూ చేరింది. పైపైన తుడిస్తే పోయేది కాదు. ఆ స్థితిలో వాయించడమంటే విషాన్ని ఊదడమే.

తెలుగువారికి ఈ జాతి వాద్యం పూర్తిగా పరాయిది కాదు. పద్యనాటకం చూసిన ప్రతివారికీ హార్మోనియం తెలుసు. ఒక చేత తిత్తిని ఆడిస్తూ, రెండవ చేత మెట్లు నొక్కితే గాలి స్వరమవుతుంది. ఆ పెట్టెకు పుట్టిల్లు పారిస్ నగరమే. 1840 దశకంలో అలెగ్జాండర్ దెబాన్ ఆ పేరుతో పేటెంటు పొందాడు. కలకత్తా పనివారు దానిని నేల మీద కూర్చుని వాయించడానికి అనువుగా మలచిన తరువాత అది నాటకశాలలకూ, భజన మందిరాలకూ చేరింది. నోత్ర్ దామ్ ఆర్గన్‌కు 1868లో కొత్త రూపమిచ్చిన ఆరిస్తీద్ కవాయె కోల్ సైతం యౌవనంలో రీడ్లతో పలికే చిన్న వాద్యమొకటి చేసినవాడే. కనుక ఆర్గన్‌ను హార్మోనియానికి పెదనాన్న వరుస అనుకోవచ్చు. ఈ పెదనాన్నకు సుమారు 8,000 గొట్టాలు. చేతులకు ఐదు వరుసల మెట్లు, పాదాలకు వేరే వరుస. అన్నింటికంటె పెద్ద గొట్టం పొడవు దాదాపు పది మీటర్లు. చిన్నవి పెన్సిలంత కూడా ఉండవు. ఒకే గొంతు గల గొట్టాలను కలిపి పలికించే మీటను స్టాపు అంటారు. అటువంటివి 115 ఉన్నాయి. గొట్టాలన్నీ ఒకే కాలానివి కావు. 18వ శతాబ్దపు పనివారు చేసినవి నేటికీ వాటిలో పలుకుతున్నాయి.

2020 ఆగస్టులో విప్పదీత మొదలై డిసెంబరులో ముగిసింది. గొట్టాలను ఒక్కొక్కటిగా దింపి, శుభ్రపరచి, ఫ్రాన్సులోని వేర్వేరు కార్ఖానాలలో బాగుచేశారు. అరిగిన తోలు మార్చారు. విద్యుత్తు భాగాలను కొత్తవి చేశారు. వాద్యాన్ని మరింత గొప్పదిగా మార్చాలన్న ఆశకు లొంగకుండా, మునుపటి గొంతునే తిరిగి తేవాలని నిశ్చయించడం ఈ పనిలో మెచ్చదగిన వివేకం. పాతదానిని బాగుచేసే నెపంతో కొత్తది కట్టే అలవాటు ఏ దేశంలోనూ అరుదు కాదు.

అసలు కష్టం వాద్యాన్ని తిరిగి అమర్చిన తరువాత వచ్చింది. గొట్టం కార్ఖానాలో ఎంత చక్కగా పలికినా సరిపోదు. అది నిలిచే కట్టడంలోని రాయి, ఎత్తు, ప్రతిధ్వని కలిస్తేనే దాని స్వరం తేలుతుంది. అందుకే శ్రుతి చేసేవారు 2024లో నెలల తరబడి అక్కడే పనిచేశారు. పగలు వడ్రంగుల సుత్తులు, రాతి పనివారి యంత్రాలు మోగుతుంటాయి గనుక ఈ పని రాత్రివేళ సాగింది. ఒకరు మెట్టు నొక్కి పట్టి ఉంచగా, మరొకరు గొట్టాల నడుమ చెవి ఒగ్గి గొంతు సవరిస్తారు. ఎనిమిది వేల గొంతులకు ఈ ఉపచారం జరిగింది.

ఖర్చు మాటకు వస్తే, కేథడ్రల్ పునరుద్ధరణ కోసం 150 దేశాల నుండి సుమారు 3,40,000 మంది దాతలు 84 కోట్ల యూరోలకు పైగా ఇచ్చారు. ఇక్కడ పురపాలనకు సంబంధించిన విషయం ఒకటి ఉన్నది. ఫ్రాన్సులో 1905 నాటి చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేసింది. అయినా అంతకు మునుపటి కేథడ్రళ్ళు చాలావరకు ప్రభుత్వం సొత్తు. సాధారణ చర్చీలు చాలావరకు ఆయా పురపాలక సంఘాల సొత్తు. పూజ చేసుకునే హక్కు విశ్వాసులది, గోడను నిలబెట్టే బాధ్యత ప్రజల ఖజానాది. అందువల్ల ఏదో ఒక చిన్న పట్టణంలో ఆర్గన్ తిత్తి చిరిగితే, ఆ ప్రస్తావన కౌన్సిలు సమావేశానికి, వీధి దీపాల లెక్కల పక్కకు వస్తుంది. దేవుని నమ్మని సభ్యుడు కూడా దాని మీద ఓటు వేయవలసిందే.

2024 డిసెంబరు 7వ తేదీన కేథడ్రల్ తలుపులు తెరుచుకున్నాయి. అగ్రపీఠాధిపతి లారాన్ ఉల్రిష్ ఆర్గన్ వైపు తిరిగి, మనిషిని పిలిచినట్టు, మేలుకొమ్మని దానిని పిలిచారు. ఎనిమిది మార్లు సంబోధించారు. ఎనిమిది మార్లూ అది బదులిచ్చింది. మొదట సన్నగా, తరువాత గోడలు కంపించేంతగా. ఒలివియే లాత్రీ, వేన్సాన్ ద్యుబోవా, తియరీ ఎస్కేష్, తిబో ఫాజోల్ అనే నలుగురు విద్వాంసులు ఆ బదుళ్ళను ముందు రాసుకున్న స్వరాలు లేకుండా అప్పటికప్పుడు కల్పించి వాయించారు. కర్ణాటక సంగీతంలో మనోధర్మమనేది వారి సంప్రదాయంలోనూ ఉన్నతమైన విద్య.

ఆ పీఠానికి ఉన్న గౌరవం ఎంతటిదో లూయీ వియేర్న్ కథ చెబుతుంది. పుట్టుకతోనే చూపు మందగించిన ఆయన 1900 నుండి అక్కడ ఆర్గనిస్టు. 1937 జూన్ 2వ తేదీన నిండు కచేరీలో, ఆ మెట్ల ముందే ప్రాణం విడిచాడు.

అగ్నిప్రమాదానికి మునుపు ఆదివారాలలో ఉచిత ఆర్గన్ కచేరీలు జరిగేవి. విశ్వాసులతో పాటు యాత్రికులు, విద్యార్థులు, చలికి తలదాచుకొన వచ్చినవారు ఒకే బల్ల మీద కూర్చుని వినేవారు. తెరచిన తరువాత ఆర్గన్ తిరిగి పూజలోనూ కచేరీలలోనూ పలుకుతున్నది. గది వేడిమి కొద్దిగా మారినా గొట్టాల శ్రుతి కదులుతుంది. కాబట్టి కచేరీకి ముందు శ్రుతి సవరించేవారు మళ్ళీ మెట్లెక్కి, గొట్టాల నడుమ చెవి ఒగ్గవలసి ఉంటుంది.