పేడ చేలో బలం, కుంటలో చేటు



మన వెల్దుర్తి తండాల్లో గొడ్డూ గోదా లేనిదే బతుకు లేదు. మన పశువుల వల్లే కుంట నీళ్లు చెడుతున్నాయంటే కోపం వచ్చుద్ది. కోపం పక్కనపెట్టి సంగతి చూద్దాం.

పేడలో, పెంటికల్లో భాస్వరం ఉంటుంది. చేలో గొర్రెల మంద కట్టిస్తే అది మట్టిని పట్టుకుని పైరుకు అందుద్ది. అదే పెంటదిబ్బ కుంట గట్టున వేస్తే? వానకు కొట్టుకుపోయి నీళ్లలో కలుస్తుంది. అక్కడ పైరుకు బదులు పాచి పెరుగుద్ది. ఆ పాచి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చి తేలతాయి. ఆ నీళ్లే మన గొడ్లు తాగాలి.

తప్పు గొడ్లది కాదు, దిబ్బ వేసిన చోటుది. మిర్చికి, పత్తికి వేసే డీఏపీ బస్తా మీద చూడండి, భాస్వరం 46 శాతం అని ఉంటుంది. చేలో మట్టి కోసుకుపోతే అదీ కుంటకే చేరుద్ది. నింద మాత్రం మన మేకల మీద!

అందుకే దిబ్బను కుంటకు దూరంగా, మెరక మీద వేద్దాం. చుట్టూ చిన్న కట్ట పోద్దాం. కుంట చుట్టూ గడ్డి పెరగనిద్దాం. పేడ తోలిన చేలో భూసార పరీక్ష చేయించి, అవసరం లేని డీఏపీ మానేద్దాం.

2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేత హక్కును గుర్తించింది. అదే చట్టం ఐదో సెక్షన్ నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మేత మన హక్కయితే కుంట మన బాధ్యత. వచ్చే గ్రామసభలో ఈ మాట మీరే ఎత్తండి.