వరుసలో నాన్న



స్నాతకోత్సవ ప్రసంగం ఉపనిషత్తుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను సినిమాతో మొదలుపెడతాను.

2006లో వచ్చిన ‘ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్’ మీలో చాలామంది ఫోన్లోనే చూసి ఉంటారు. కోచింగ్ సెంటర్లకు అది భలే ఇష్టమైన సినిమా. క్రిస్ గార్డనర్ అనే ఆయన నిజ జీవితం ఆధారంగా తీశారు. 1981, శాన్‌ఫ్రాన్సిస్కో. ఎముకల సాంద్రత చూసే యంత్రాలు మోసుకుంటూ ఆసుపత్రుల చుట్టూ తిరిగి అమ్ముకునే మనిషి. భార్య వెళ్ళిపోయింది. అద్దె కట్టలేక ఇల్లు పోయింది. కొడుకు మిగిలాడు. ఆ స్థితిలో ఒక షేర్ల కంపెనీలో శిక్షణకు చేరి, చివరికి ఉద్యోగం సంపాదిస్తాడు. తండ్రిగా విల్ స్మిత్, కొడుకుగా ఆయన సొంత కొడుకు జేడెన్ నటించారు.

ఒక రాత్రి ఎటూ పోవడానికి లేక, రైల్వే స్టేషన్ మరుగుదొడ్డిలో దూరి తలుపు గడియ పెడతాడు తండ్రి. అంతకుముందే పిల్లవాడికి ఒక ఆట చెప్పి ఉంటాడు: మనం పాతకాలంలోకి వచ్చేశాం, చుట్టూ రాకాసి బల్లులున్నాయి, ఇది మన గుహ అని. నేల మీద కాగితం పరిచి పిల్లవాడిని ఒళ్ళో పడుకోబెడతాడు. బయటినుంచి ఎవరో తలుపు బాదుతుంటే కాలు అడ్డం పెట్టి, కొడుకు చెవి మూసి, చప్పుడు లేకుండా ఏడుస్తాడు.

అందరూ అక్కడే కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఆ తర్వాతి వరుస ముఖ్యం. గ్లైడ్ మెమోరియల్ చర్చి బయట ఇల్లు లేనివాళ్ళ వరుసలో, సాయంత్రం ఐదింటికల్లా నిలబడితేనే ఆ రాత్రికి పడక. ఆఫీసులో తోటివాళ్ళు ఇంకా ఫోన్ల మీద ఉండగానే ఇతను బస్సుకు పరుగెత్తాలి. ఆ చర్చి నిజంగా ఉంది. దాని అప్పటి పాస్టర్ సెసిల్ విలియమ్స్ సినిమాలోనూ తన పాత్రలో తానే కనిపిస్తాడు. గార్డనర్ పట్టుదల గొప్పదే, కాదనను. కానీ రాత్రయ్యేసరికి పిల్లవాడికి పక్క వేసింది ఆ చర్చి.

సినిమాలో శిక్షణకు వచ్చింది ఇరవై మంది, ఉద్యోగం ఒక్కటి. మిగతా పంతొమ్మిది మంది సంగతి సినిమా అడగదు. పైగా నిజంగా గార్డనర్‌కు కొద్దిపాటి భృతి వచ్చేది. సినిమాలో అదీ తీసేశారు, కష్టం చాలలేదనుకున్నారు కాబోలు!

మన పాలమూరు, నల్లగొండల్లో కష్టానికి మసాలా దట్టించక్కర్లేదు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, గుంపుతో బొంబాయికో పుణెకో పోయిన ఊళ్ళు మనవి. దేవరకొండ తండాల్లోనూ కొడంగల్, నారాయణపేట పల్లెల్లోనూ పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిపెట్టి పోయేవాళ్ళు. ఇంట్లో ముసలివాళ్ళూ, భార్యా లేని మనిషైతే పిల్లను వెంటేసుకుని పనిచోటికే పోయేవాడు. ఇసుక కుప్ప పక్కనే పిల్ల ఆట, అక్కడే నిద్ర. బడి అంతటితో సరి.

దానికి ఒక జవాబు ఈ నేల మీదే మొలిచింది. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో, పి.వి. నరసింహారావు చొరవతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. తిండి, పడక, చదువు ఒక్కచోటే. అందులో సీటు పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిందే, అందరికీ అందింది కాదు. ఆ దారిలోనే తర్వాత సంక్షేమ గురుకులాలు వచ్చాయి, వలస కూలీల పిల్లలకు సీజనల్ హాస్టళ్ళూ వచ్చాయి. మీలో ఎందరు ఆ డార్మిటరీల్లో ట్రంకుపెట్టె పక్కన పడుకుని చదివారో మీకే తెలుసు.

రేపు మీలో కొందరు గ్రూప్స్ లాంటి పరీక్షలు రాసి బల్లకు అటువైపు కూర్చుంటారు, వార్డెన్‌గానో తహసీల్ ఆఫీసులోనో. ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వస్తాడు. తల్లి సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. ఆదాయం సర్టిఫికెట్ గడువు దాటింది. అడ్మిషన్లు నిన్నటితో అయిపోయాయి. తిప్పి పంపితే మిమ్మల్నెవరూ తప్పుపట్టరు. ఆయన మళ్ళీ రావాలంటే మాత్రం ఇంకో రోజు కైకిలి పోతుంది. రూలు తప్పమని నేననను. ఆ సర్టిఫికెట్ ఎక్కడిస్తారో, ఎవరి సంతకం కావాలో చిన్న చీటీ మీద రాసివ్వండి. ఆ రాత్రికి పిల్ల ఎక్కడ పడుకుంటుందో అడగండి. గేటు దగ్గర కూర్చునే అటెండరుకూ ఈ సంగతి చెప్పి ఉంచండి, ఎందుకంటే చాలామంది నాయినలు ఆయన్ను దాటి మీ దాకా రాలేరు.