ఇంటి వీడియోలో అక్కర్లేని గొంతులు తీసేయొచ్చా? ఏది కుదురుతుంది, ఏది కుదరదు

ఈ రోజు టాపిక్ మీలో చాలామంది అడుగుతున్నదే. అన్నప్రాసన వీడియోనో, పెళ్లి వీడియోనో చూస్తుంటాం. మనం వినాలనుకున్న మాట మీద ఎవరో "భోజనాలకి లేవండి" అని అరుస్తుంటారు. ఆ ఒక్క గొంతు తీసేయొచ్చా?

ఒక సబ్‌స్క్రైబర్ మెసేజ్ పెట్టారు. వాళ్ల తాతగారు చివరిసారి పద్యం పాడిన వీడియో అది. పక్కన ఇద్దరు కారు పార్కింగ్ గురించి మాట్లాడుకుంటున్నారు. "అన్నా, తాతయ్య గొంతు ఒక్కటే మిగల్చొచ్చా?" అని అడిగారు. నిజం చెప్పాలంటే, కొంతవరకే. ఎందుకో చెప్తాను.

ఫోన్ మైక్‌లోకి శబ్దాలన్నీ కలిసిపోయే వస్తాయి. రుబ్బిన ఇడ్లీ పిండిలోంచి మినప్పప్పు వేరు చేయమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పాత కరోకే ట్రిక్ ఒకటుంది. సినిమా పాటలో సింగర్ గొంతు సాధారణంగా ఎడమ, కుడి ఛానెళ్లలో సమానంగా ఉంటుంది. ఒక ఛానెల్‌ని తలకిందులు చేసి రెండోదానితో కలిపితే గొంతు రద్దయిపోతుంది. కానీ చాలా ఫోన్ వీడియోల్లో రెండు ఛానెళ్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ ఇది చేస్తే గొంతుతో పాటు అన్నీ పోతాయి!

అందుకే ముందు మీ వీడియో ఏ రకమో చూసుకోండి.

ఒకటి, ఫ్యాన్, ఏసీ, జనరేటర్ లాంటి ఒకే తీరు రొద. ఇది ఈజీ. ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల ముక్క సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో ప్రొఫైల్ తీసుకుని, మొత్తానికి అప్లై చేయండి. మరీ ఎక్కువ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది, జాగ్రత్త.

రెండు, సన్నాయి మేళం మీద జనం మాటలు. దీనికి ఏఐ పనికొస్తుంది. 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్‌ని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. ఫేస్‌బుక్ రీసెర్చ్ వాళ్ల డెమక్స్ కూడా ఉంది. ఇవి గొంతుని, వాయిద్యాలని వేరు చేస్తాయి. కమాండ్లు టైప్ చేయడం రాకపోతే అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకోండి. సన్నాయి కొంచెం గొంతులాగే పలుకుతుంది కదా, అక్కడక్కడా తడబడొచ్చు.

మూడు, గొంతు మీద గొంతు. తాతగారి వీడియో ఇదే. స్ప్లీటర్ లాంటి వాటికి రెండూ "గొంతు" కిందే లెక్క, ఎవరు తాతయ్యో వాటికి తెలీదు. గూగుల్ పిక్సెల్ 8లో 2023లో ఆడియో మ్యాజిక్ ఇరేజర్ వచ్చింది. అదీ మాటలు, సంగీతం, గాలి అని రకాలుగా విడదీస్తుంది, మనిషి మనిషికీ కాదు.

మరి ఏం చేయాలి? పద్యం పాదాల మధ్య ఆగిన చోట పక్కవాళ్ల మాటలు మ్యూట్ చేయండి. పూర్తి నిశ్శబ్దం పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి అదే వీడియోలోని ఖాళీ గది శబ్దం తెచ్చి అక్కడ పెట్టండి. గొంతులు కలిసిపోయిన చోట వదిలేయండి, పద్యం మాటలు సబ్‌టైటిల్స్‌గా వేయండి. కొన్ని ఏఐ ఎన్‌హాన్స్ టూల్స్ గొంతుని శుభ్రం చేస్తున్నామంటూ కొత్తగా తయారుచేసేస్తాయి. అది నీట్‌గా ఉంటుంది కానీ తాతయ్యది కాదు.

ఇంకో మూడు మాటలు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ మీద పని చేయకండి, క్వాలిటీ తగ్గిపోయి ఉంటుంది. తీసినవాళ్లని ఒరిజినల్ ఫైల్ డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంటి వీడియోలు తెలియని వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేయకండి.

చివరిది ముఖ్యమైనది. ఒరిజినల్ మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయొద్దు. కెమెరా వెనక నుంచి "ఇటు చూడు నాన్నా" అంటున్న అమ్మ గొంతు ఈ రోజు డిస్టర్బెన్స్ అనిపించొచ్చు. వీడియో తీసేవాళ్లు వీడియోలో కనిపించరు కదా, ఆ గొంతు ఒక్కటే వాళ్ల గుర్తు. పదేళ్ల తర్వాత మీరు వెతుక్కునేది అదే కావచ్చు.

మీ వీడియో ఏ రకమో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!