రోబో జట్టులో చేరే పిల్లలకు

 

తొమ్మిదో తరగతిలో సైన్స్ ఫేర్ జట్టుకు నేను పేరు ఇవ్వలేదు. తాండూరులో ఇంగ్లీషులో అడుగుతారని భయం. టేప్ రికార్డర్ మోటారుతో చేసిన నా బండి మంచం కిందే ఉండిపోయింది. ఇంజనీరునయ్యాక కూడా ఆ సంగతి గుచ్చుతూనే ఉంది.

మిషిగన్‌లో కొలువు చేసే రోజుల్లో మా అమ్మాయి హైస్కూల్ రోబోటిక్స్ జట్టులో చేరింది. ఫస్ట్ అనే సంస్థ 1992 నుంచి నడిపే పోటీ అది. మూడేసి జట్లు ఒక పక్షం. తను ఆడిన ఏడు, మొదటి 15 సెకన్లు రోబో రాసిపెట్టిన ప్రోగ్రాముతోనే కదలాలి. ఆ తర్వాతే పిల్లలు జాయ్‌స్టిక్ ముట్టాలి. ఈ ఆటలో ఎదుటి పక్షాన ఉన్నవాళ్లు వచ్చే ఆటలో మన పక్షానికి రావచ్చు. అందుకని ప్రత్యర్థి రోబో విరిగితే బోల్టులు అప్పిస్తారు! చేరినప్పుడు మా అమ్మాయికి వైరు తొక్క తీయడం కూడా రాదు. నెల రోజులు పానాలు అందించి, నేల ఊడ్చి, వైరింగ్ నేర్చుకుంది.

స్వర్ణోత్సవ నిధితో గేటుకు కమాను కడదామంటున్నారు. కోపగించుకోకండి, నా వాటా మాత్రం రోబో జట్టుకే. సామానుతో పాటు ఆటో కిరాయి కూడా లెక్కేయండి. పొద్దుగూకాక నావంద్గి, మైల్వార్ ఆడపిల్లలు ఇల్లు చేరడమెట్లా? లేకుంటే జట్టులో బడి పక్కనున్న మగపిల్లలే మిగులుతారు.

పేరివ్వడానికి జంకే పిల్లలుంటే నా దగ్గరికి పంపండి. తెలుగులోనే మాట్లాడుకుందాం. ఆ బండి కూడా తెచ్చాను. బెల్టు తెగింది, మార్చాలి.