బీమా గడువు మన క్యాలెండర్‌లో లేదు
(మొహల్లా అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభ అనగానే వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పుల ప్రస్తావన సహజంగా వస్తుంది. వాటి గురించి మాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ మాట్లాడారు. మేము ఎంచుకున్న సంగతి వినడానికి చిన్నది: ఆరోగ్య బీమాలో చేరవలసిన తేదీ, దానిని కొనసాగించుకోవలసిన తేదీ.

మేము అంటే ఉద్యోగ విరమణ చేసిన నలుగురము. జుమా నమాజు అనంతరం మసీదు వరండాలో బల్ల వేసుకుని, వచ్చినవారికి దరఖాస్తులు నింపిపెడుతుంటాము. మాలో ఇద్దరు జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసినవారే. ఎన్నో అర్జీల మీద 'గడువు మీరినందున తిరస్కరించడమైనది' అని ఈ చేతులతోనే రాశాము. ఆ ఒక్క వాక్యం ఒక ఇంటిని ఏమి చేయగలదో బల్లకు ఇవతలి వైపు కూర్చున్న తరువాతనే మాకు బోధపడింది.

మన కుటుంబాలకు బీమా తేదీలు గుర్తుంచుకునే అలవాటు లేకపోవడానికి ఒక కారణం ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుండి తెల్ల రేషన్ కార్డే మనకు బీమా పత్రమైంది. ప్రీమియం లేదు, రెన్యువల్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అది నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. జబ్బు చేసినప్పుడు కార్డు తీసుకుని వెళ్ళడమే మనకు తెలిసిన పద్ధతి. అయితే కార్డు లేని ఇళ్ళ సంగతి ఏమిటి? చిన్న దుకాణం పెట్టుకుని, అప్పు కోసం ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి, తెల్ల కార్డు పోగొట్టుకున్నవారు మన వాడలలో ఎందరో ఉన్నారు.

అటువంటి ఒక సోదరుని సంగతి చెబుతాము. ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. షుగరు వ్యాధి ఉంది. కరోనా రెండవ విడతలో అన్నగారిని పోగొట్టుకున్న తరువాత భయపడి, కుటుంబం మొత్తానికి ఒక ఆరోగ్య పాలసీ తీసుకున్నాడు. దరఖాస్తు మా బల్ల దగ్గరే నింపాము. మూడేళ్ళు క్రమం తప్పకుండా కట్టాడు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు కొంతకాలం వేచి ఉండాలన్న నిబంధన ఉంటుంది కదా, ఆ నిరీక్షణ ముగియడానికి వచ్చింది. నాలుగవ సంవత్సరం రెన్యువల్ సందేశం ఆయన కుమారుడు ఎప్పుడో మార్చేసిన పాత ఫోను నంబరుకు వెళ్ళింది. గడువు తేదీ దాటింది. ఏడాదికి ఒకసారి ప్రీమియం కట్టే పాలసీలకు ఆ తేదీ తరువాత 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. అదీ దాటింది. ముప్పై ఎనిమిదవ రోజున ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరాడు.

భార్య గాజులు, కూతురి నిఖా కోసం దాచిన బంగారం అమ్మి బిల్లు కట్టారు. అల్హందులిల్లాహ్, మనిషి దక్కాడు. తరువాత మా వద్దకు వచ్చి, "చాచా, మళ్ళీ కట్టేస్తాను, పాతదే నడిపించండి" అన్నాడు. అది సాధ్యం కాదు. వెసులుబాటు రోజులు కూడా దాటిపోతే కొత్త పాలసీ తీసుకోవాలి, నిరీక్షణ కాలం మళ్ళీ మొదటి రోజు నుండి లెక్కిస్తారు. నేటి నియమాల ప్రకారం పాత జబ్బులకు అది గరిష్ఠంగా 36 నెలల వరకు ఉండవచ్చు. ఇప్పుడు ఆయనకు షుగరుతో పాటు గుండె జబ్బు కూడా పాత జబ్బుల జాబితాలో చేరింది. దరఖాస్తు నింపిన మేము ఆ తేదీని ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆ తప్పులో మాకు వాటా ఉన్నదని ఈ సభలో ఒప్పుకుంటున్నాము.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. వెసులుబాటు ముప్పై రోజులు ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. ఏడాది ప్రీమియం కట్టకుండా ఆ రోజుల్లో ఆసుపత్రి పాలైతే ఆ ఖర్చుకు రక్షణ ఉండదు. ఆ తరువాత కట్టినా పాత ప్రయోజనాలు నిలుస్తాయే తప్ప మధ్యలో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు.

ఇక కేంద్ర ప్రభుత్వ ప్రమాద బీమా. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు మొదట ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుండి 20 రూపాయలు. 18 నుండి 70 ఏళ్ళ వారు ఎవరైనా చేరవచ్చు. ప్రమాద మరణానికి 2 లక్షలు. జూన్ 1 నుండి మే 31 వరకు ఒక సంవత్సరం. మే నెలాఖరున బ్యాంకు ఖాతా నుండి ఆ ఇరవై రూపాయలు దానంతటదే పోవాలి. ఖాతాలో అంత నిలువ లేకపోతే రక్షణ ఆగిపోతుంది.

ఇరవై రూపాయలు లేని ఖాతా ఉంటుందా అని మీరు అడగవచ్చు. పండుగను గుర్తు చేసుకోండి. మన పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2025లో బక్రీదు జూన్ 7న వచ్చింది. 2026లో మే చివరి వారంలోనే. ఖుర్బానీ జంతువుకు, పిల్లల బట్టలకు, ఊరి ప్రయాణానికి ఖాతా ఊడ్చి తీసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆటో నడిపే మన సోదరులు, తాపీ పనివారు, లారీ క్లీనర్లు, అనగా ఈ బీమా ఎవరికి అత్యవసరమో వారి ఖాతాలే ఆ వారం ఖాళీగా ఉంటాయి. నెలవంక కోసం మేడలెక్కి చూసే మనకు మే 31 కోసం ఎదురుచూసే అలవాటు లేదు. అది ఏ హిజ్రీ నెలలోనూ స్థిరంగా నిలవదు కనుక పండుగతో ముడిపెట్టి గుర్తుంచుకోవడమూ కుదరదు. కాబట్టి పండుగ ఖర్చు తీసేటప్పుడు ఖాతాలో ఐదు వందలు వదిలిపెట్టండి. జీవన జ్యోతి బీమాలో కూడా ఉన్నవారికి అదే రోజుల్లో మరో 436 రూపాయలు పోతాయి. ఆగిపోయిన జీవన జ్యోతిలో తిరిగి చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప మరి దేనికీ డబ్బు రాదు.

బీమా షరీఅతు రీత్యా సమ్మతమా అన్న సందేహం కొందరు పెద్దలకు ఉంది. ఆ సందేహాన్ని మేము గౌరవిస్తాము, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. మీరు విశ్వసించే ముఫ్తీ సాహెబును అడిగి తేల్చుకోండి. కానీ అడగకుండా, తేల్చకుండా గడువు దాటించుకోవడం ఏ మస్‌లకూ కాదు.

డెబ్బై ఏళ్ళు దాటిన మన అబ్బాజాన్లకు, దాదీమాలకు 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వరకు వైద్యం. దీనికి చివరి తేదీ అంటూ లేదు, మన జాప్యమే అడ్డు. ఆధార్‌లో వయసే దీనికి ఆధారం. మన పెద్దలలో చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది, సంవత్సరం ఆపరేటరు తోచినట్టు వేసినది. పేరు కూడా ఒక కార్డులో షేక్, మరొక దానిలో షైక్. ఒకచోట ఎండీ, ఇంకొకచోట మహమ్మద్. పెళ్ళికి ముందు బేగం, తరువాత బీ. ఈ సవరణలకు వారాలు పడుతుంది. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి చేసే పని కాదది.

హైదరాబాదు కంపెనీలలో పనిచేసే మన పిల్లలకు ఒక మాట. నిఖా అయినా, బిడ్డ పుట్టినా, ఆ పేరును కంపెనీ బీమాలో చేర్చడానికి చాలాచోట్ల నెల రోజులకు మించి గడువు ఇవ్వరు. అఖీఖా ఏడవ రోజున చేయాలని ఎవరూ మరచిపోరు. ఆ రోజే ఆఫీసుకు ఒక మెయిలు పంపండి.

మేము చేసుకున్న ఏర్పాటు ఇది. ప్రభుత్వ కార్యాలయంలో పీరియాడికల్ రిజిస్టరు అని ఒకటి ఉండేది. ఏ నివేదిక ఏ తేదీకి పంపాలో అందులో ముందే రాసి ఉంటుంది, గుమాస్తా ప్రతి ఉదయం దానిని తెరిచి చూడాలి. మాకు దానిమీద ఎంత విసుగో చెప్పలేము. ఇప్పుడు అదే పద్ధతిలో మొహల్లాకు ఒక రిజిస్టరు తెరిచాము. ఇంటి యజమాని పేరు, పథకం, గడువు తేదీ, పనిచేస్తున్న ఫోను నంబరు, అంతే. పాలసీ నంబరు, ఆధార్ నంబరు రాసుకోము, అడిగినా ఇవ్వకండి. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మా నలుగురిలో ఒకరు ఫోను చేస్తాము. మసీదుకు రాని తల్లుల కోసం మహిళా సంఘంలో లెక్కలు రాసే ఇద్దరు ఆడపిల్లలు ఇంటింటికీ వెళుతున్నారు. ఇంతవరకు ఎక్కువ పేర్లు తెచ్చినది వారే.

వెల్డింగ్ సోదరుడు కొత్త పాలసీ తీసుకున్నాడు. రిజిస్టరులో మొదటి వరుస ఆయనదే. ఇప్పుడు ఆ రిజిస్టరు ద్వారం పక్కన బల్ల మీద ఉంది, ఇషా నమాజు వరకు మేము అక్కడే కూర్చుంటాము. పాలసీ కాగితం ఇంట్లో ఉన్నవారు పిల్లవాణ్ణి పంపి తెప్పించుకోండి.