బరువు మోసే వీపుకు ఏది వైద్యం?

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన వేదికలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మామూలుగా రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ల గురించి, చరిత్ర గురించి మాట్లాడుకుంటారు. ఈ రోజు నన్ను నడుం నొప్పి, భుజం నొప్పి గురించి మాట్లాడమన్నారు. ఇది చిన్న విషయమేమీ కాదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని 2023లో 'లాన్సెట్ రుమటాలజీ' పత్రిక అంచనాలు ప్రచురించింది. మనుషులు ఆరోగ్యం చెడి, పని చేసుకోలేక గడిపే సంవత్సరాలను లెక్కగడితే వాటికి కారణమైన జబ్బుల్లో నడుం నొప్పిదే మొదటి స్థానం. పనికి వెళితేనే పొయ్యి వెలిగే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ ఇళ్ళలో నడుం పడిపోవడమంటే కూలి పోవడం, అప్పు రావడం, ఒక్కోసారి పిల్లల చదువు ఆగిపోవడం.

అందుకని రెండు ప్రశ్నలు తీసుకుంటాను. నెలల తరబడి వదలని నొప్పికి నిజంగా పనిచేసే వైద్యం ఏది? అది అవసరమైన వాళ్ళకు ఎందుకు అందడం లేదు?

మొదట నొప్పి సంగతి. బరువు ఎత్తినప్పుడు నడుం పట్టేస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే చాలావరకు తగ్గుతుంది. మూడు నెలలు దాటినా వదలకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పుడు నొప్పి ఎంత ఉందన్నది లోపల గాయం ఎంత ఉందన్నదానికి సరైన కొలత కాదు. గాయం మానినా నరాల వ్యవస్థ అప్రమత్తంగానే ఉండిపోతుంది, చిన్న కదలికకు కూడా పెద్దగా హెచ్చరిస్తుంది. నిద్ర లేకపోవడం, దిగులు, రేపు పనికి వెళ్ళగలనా అన్న భయం దాన్ని ఇంకా పెంచుతాయి. దీని అర్థం నొప్పి ఊహ అని కాదు. నొప్పి నిజం. దాన్ని పెంచేవి ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి తగ్గించే దారులు కూడా ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి.

కానీ మన ఊళ్ళల్లో జరిగేదేమిటి? మొదట మెడికల్ షాపులో పేరు లేని పొట్లంలో నాలుగు రంగుల బిళ్ళలు. తర్వాత ఆర్ఎంపీ దగ్గర సూది. సూది వేసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మొదలు. తర్వాత పట్నంలో ఎమ్మారై. రిపోర్టు చూసి 'డిస్క్ జరిగింది, ఎముక అరిగింది, ఇక బరువులు ఎత్తొద్దు' అంటారు. కూలి చేసుకునే మనిషికి ఆ మాట శిక్ష లాంటిది. బెల్టు కొనిపిస్తారు. చివరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఈ దారిలో ఒక్కో మెట్టునూ పరిశోధన ఏమంటుందో చూద్దాం. 2015లో, నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగులను కలిపి విశ్లేషించారు. 20 ఏళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నొప్పి లేని వాళ్ళ సంగతి ఇది! తల నెరిసినట్టే వెన్నులో కూడా వయసు కనిపిస్తుంది. కాబట్టి రిపోర్టులో 'అరుగుదల' అని రాసి ఉన్నంత మాత్రాన మీ నొప్పికి కారణం అదేనని అనుకోనక్కర్లేదు, భయపడి మంచం ఎక్కనక్కర్లేదు.

దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. బెల్టులు, నడుం లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడవద్దని అందులో ఉంది. వివరంగా చెప్పి నేర్పించడం, వ్యాయామం, కొన్ని రకాల చేతి చికిత్సలు, మానసిక సహాయం, అవసరమైతే వాపు తగ్గించే నొప్పి మందులు ఉపయోగపడతాయని ఉంది. ఆ మందులు కూడా తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, డాక్టరు చెబితేనే వాడాలి. డైక్లోఫినాక్ లాంటి వాటిని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట ఎర్రటి ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, పైన నొప్పి బిళ్ళలు మింగడం ఇంకెంత ప్రమాదమో ఆలోచించండి.

భుజం సంగతి కూడా ఇలాంటిదే. భుజం ఎముక కింద ఒరుసుకుంటోందని చెప్పి ఆ ఎముకను కొంత గీకే ఆపరేషన్ చాలాకాలంగా చేస్తున్నారు. బ్రిటన్‌లో 313 మంది రోగులను మూడు గుంపులు చేసి దాన్ని పరీక్షించారు. ఒక గుంపుకు నిజం ఆపరేషన్, ఇంకో గుంపుకు కెమెరా పెట్టి చూసి ఊరుకున్న ఉత్తుత్తి ఆపరేషన్, మూడో గుంపుకు ఏమీ చేయలేదు. నిజం ఆపరేషన్‌కూ ఉత్తుత్తి ఆపరేషన్‌కూ ఫలితంలో తేడా రాలేదు. 2018లో 'లాన్సెట్' దీన్ని ప్రచురించింది. అంటే ఏ సూదీ, ఏ ఆపరేషనూ పనికిరావని కాదు. చెయ్యి పైకి లేవకుండా బిగుసుకుపోయే 'ఫ్రోజెన్ షోల్డర్' షుగరు ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. దానికి మొదట్లో కీలులో వేసే స్టెరాయిడ్ సూది, ఆ వెంటనే వ్యాయామం మేలు చేస్తాయి. డిస్కు నరాన్ని నొక్కి కాలు బలం తగ్గిపోతుంటే ఆపరేషన్ అవసరం కావచ్చు. ఏ జబ్బుకు ఏది అన్నదే ప్రశ్న.

అసలు ఆలస్యం చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మూత్రం, మలం మీద పట్టు పోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాళ్ళు బలహీనపడటం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో ఇది అరుదు కాదు. ఇరుకు ఇళ్ళలో, పోషణ తక్కువైన చోట క్షయ ఎక్కువ. దానికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, వేళకు మొదలుపెడితే నయమవుతుంది. పై నుంచి పడ్డాక వచ్చిన నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ళ నొప్పి కూడా వెంటనే చూపించుకోవాల్సినవే. ఛాతీ బిగపట్టి, చెమటలు పట్టి ఎడమ భుజం లాగుతుంటే అది గుండె కావచ్చు.

ఇవేవీ లేకపోతే పనిచేసేది ఏమిటి? నడక. క్రమంగా పెంచే వ్యాయామం. నిద్ర. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గిన 701 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు సలహాతో నడక అలవాటు చేసుకున్న వాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతా వాళ్ళకు 112 రోజులే. మొదలుపెట్టడం ఎలాగంటే, నొప్పి పెరగకుండా పది నిమిషాలు నడవగలిగితే ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి కొంచెం కొంచెం పెంచండి. ఒళ్ళు బాగున్న రోజు ఎగబడి చేసి, మర్నాడు పడిపోవడం వద్దు. భుజానికి గోడ మీద వేళ్ళు పాకించడం, తర్వాత సీసాలో నీళ్ళు పోసి ఎత్తడం చాలు. కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి. మీలో చాలామంది హాస్టల్ మంచం మీద ఒంగి లాప్‌టాప్ చూస్తారు. అన్ని వేళలా నిటారుగా కూర్చోవాలని బెంగపడకండి. ఏ భంగిమ అయినా గంటల తరబడి కదలకుండా ఉంటేనే ఇబ్బంది. అరగంటకోసారి లేవండి.

ఇక్కడ నా రెండో ప్రశ్నకు వస్తాను. ఈ సలహాలన్నీ తన సమయం, తన శరీరం తన చేతిలో ఉన్న మనిషి కోసం రాసినవి. పొద్దున నాలుగింటికి రోడ్డు ఊడ్చే అమ్మకు, మార్కెట్ యార్డులో 75 కిలోల ధాన్యం బస్తా మోసే హమాలీకి, నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళకు, బురదలో వంగి నాట్లు వేసే కూలీలకు 'కొంచెం కొంచెంగా పెంచండి' అని ఎలా చెప్పాలి? వాళ్ళ బరువును నిర్ణయించేది వాళ్ళు కాదు. పెద్దవయసు మగవాళ్ళు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే చర్యలు తీసుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన బస్తా దానికి ఎంత దూరంలో ఉందో చూడండి.

ఎవరు ఏ పని చేయాలో మనిషి ఇష్టంతో, సామర్థ్యంతో పని లేకుండా కులం పుట్టుకతోనే తేల్చేస్తుందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. వైద్యంలో దాని జాడ మనకు రోజూ కనిపిస్తుంది. వీపు మీద ఎక్కువ భారం వేసే పనులు ఎవరి వాటాకు వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు. ఆ భారానికి తోడు ఒక మాట ఉంటుంది: 'వాళ్ళకు అలవాటేలే.' ఈ మాట ఎంత హాని చేస్తుందో అమెరికాలో కొలిచి చూశారు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 222 మంది తెల్లజాతి వైద్య విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను ప్రశ్నించారు. నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందన్నటువంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని దాదాపు సగం మంది నమ్మారు. అలా నమ్మినవాళ్ళు నల్ల రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, చికిత్స కూడా తక్కువ సరిగ్గా సూచించారు. మన వైద్య కళాశాలల్లో కులం గురించి ఇలాంటి ప్రశ్న వేసి చూడాల్సిన బాధ్యత ఇక్కడ కూర్చున్న పరిశోధక విద్యార్థులది.

పని మారితే వీపు మారుతుందా? మారుతుందనడానికి అదే దేశం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. కాలిఫోర్నియా పొలాల్లో మెక్సికో మూలాల కూలీల చేత పొట్టి పిడి ఉన్న గుద్దలితో పని చేయించేవారు. రోజంతా నడుం వంచి తవ్వాలి. కూలీ నిలబడితే పని ఆపాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది, యజమానులకు అది అనుకూలం. కూలీల నడుములు పోయాయి. సూదులు, బిళ్ళలు ఆ సమస్యను తీర్చలేదు. కూలీలు సాక్ష్యం చెప్పారు, డాక్టర్లు వాళ్ళ వెన్నుల గురించి చెప్పారు, పేదల తరఫు న్యాయవాదులు కేసు వేశారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూలీల వైపు తీర్పు ఇచ్చింది, ఆ గుద్దలి నిషేధమైంది. వేలమంది నడుములకు అందిన వైద్యం అది. పిడిని పొడుగు చేయడమే ఆ వైద్యం.

మన దగ్గర పొట్టి చీపురు ఇంకా ఉంది. పొడుగు పిడి చీపురు అంతరిక్ష విజ్ఞానం కాదు. తోపుడు బండికి మంచి చక్రాలు, బస్తాకు తక్కువ బరువు, పని మధ్య విరామం, ఇవన్నీ చవకైన వైద్యాలే. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో బాబాసాహెబ్ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చారు. 1946లో అది వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించింది. ఆయన డాక్టరు కాదు. అయినా ఆ ఆరు గంటలు ఎన్ని నడుములకు విశ్రాంతి ఇచ్చాయో!

ఇప్పుడు మన ముందున్న పనులు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు డబ్బు ఇస్తాయి. నెలల తరబడి సాగే ఫిజియోథెరపీకి పేదవాడు జేబు నుంచే పెట్టుకోవాలి, పైగా ఆ రోజు కూలి పోతుంది. ఆపరేషన్‌కు కార్డు పనిచేసి వ్యాయామానికి పనిచేయకపోతే మనిషి ఎటు నెట్టబడతాడో ఊహించవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు పోస్టులు కావాలని అడగాలి. అవి సాయంత్రం వేళ, పని ముగించుకుని వచ్చేవాళ్ళకు తెరిచి ఉండాలి. మున్సిపాలిటీల్లో పనిముట్లు కొనేటప్పుడు వాడేవాళ్ళను అడిగి కొనాలి. కార్మిక సంఘాల డిమాండ్లలో జీతం పక్కనే బస్తా బరువు, చీపురు పొడవు కూడా చేరాలి.

ఇక మీ ఇంటి పని ఒకటి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అమ్మకు, నాన్నకు, పిన్నికి, మామకు నొప్పి ఎప్పటి నుంచి ఉందో కూర్చుని అడగండి. ఏ బిళ్ళలు మింగుతున్నారో పొట్లం విప్పి చూడండి. ప్రమాద లక్షణాలు ఉంటే వెంట తీసుకెళ్ళండి. లేకపోతే 'నీ వెన్ను విరిగిపోలేదు, కదిలితే ఏమీ కాదు' అని ధైర్యం చెప్పండి. చెప్పడమే కాదు, వాళ్ళు నడిచే ఆ పది నిమిషాలు ఇంట్లో నీళ్ళ బిందె మీరు ఎత్తండి.

జై భీమ్. మీ ప్రశ్నలు అడగండి.